‘ఏడు పుస్తకాలు 1546లో కలిపారు’ అనే ఫార్వర్డుకు జవాబు

గుణదల తిరునాళ్లు దగ్గరపడితే చాలు, విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక పాత మెసేజ్ మళ్లీ వచ్చి పడుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: బైబిల్లో పుస్తకాలు 66, ఉత్తరించు స్థలం (చనిపోయినవాళ్లు పరలోకం చేరేముందు శుద్ధి పొందే స్థితి) బోధను నిలబెట్టుకోవడానికి కథోలికులు 1546లో ట్రెంట్ మహాసభలో ఏడు కలిపి 73 చేశారు, యూదులకు అవి తెలియవు, కొత్త నిబంధన వాటిని ఎత్తి చెప్పలేదు, బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన పాతకాలపు పండితుడు జెరోమే కాదన్నాడు, వాటినిండా చరిత్ర తప్పులే.

ఆ ఏడూ ఏవో మెసేజ్‌లో ఉండదు. తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు, సొలొమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు. ఇవిగాక ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కొన్ని భాగాలు.

‘1546లో కలిపారు.’ 397లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో జరిగిన బిషప్పుల సభ ఇచ్చిన జాబితాలో తోబీతు, యూదితు, మక్కబీయులు రెండూ పేరుపేరునా ఉన్నాయి. ‘సొలొమోను పుస్తకాలు ఐదు’ అని కూడా ఉంది. సామెతలు, ప్రసంగి, పరమగీతం కలిపితే మూడే. జ్ఞానగ్రంథం, సీరా చేరితేనే ఐదవుతాయి. బారూకు పేరు విడిగా కనబడదు, అప్పట్లో దాన్ని యిర్మీయాతో కలిపి లెక్కించేవారు. 1442లో ఫ్లోరెన్సు మహాసభ బారూకుతో సహా అన్నిటినీ మళ్లీ చదివి వినిపించింది. ట్రెంటుకు 90 ఏళ్ల ముందు గుటెన్‌బర్గ్ అచ్చేసిన బైబిల్లోనూ ఇవి ఉన్నాయి. అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యేది గ్రీకు ఆర్థడాక్సు సంఘం సంగతి. రోముతో వాళ్లు తెగతెంపులైన ఏడాదిగా 1054ను చెబుతారు. వాళ్ల బైబిల్లోనూ ఈ ఏడూ ఉన్నాయి. పోపుతో మాటే లేనివాళ్లు 500 ఏళ్ల తర్వాత రోము కలిపినవాటిని తెచ్చుకుని తమ బైబిల్లో పెట్టుకుంటారా?

ట్రెంటు చేసిందేమిటంటే, అప్పటిదాకా పండితుల్లో మిగిలిన వాదనకు తెర దించి, ఈ జాబితాను విశ్వాస నిర్ణయంగా ప్రకటించడం. తమాషా ఏమిటంటే, అప్పటి లాటిన్ ప్రతుల్లో చాలావాటిలో కనిపించే మూడు, అంటే ఎజ్రా పేరుతో ఉన్న మరో రెండు పుస్తకాలు, మనష్షే ప్రార్థన, ఆ జాబితాకు బయటే ఉండిపోయాయి. 1592 లాటిన్ ముద్రణలో వాటిని చివరికి, అనుబంధంలోకి జరిపారు.

‘ఉత్తరించు స్థలం కోసం.’ ఏడు పుస్తకాల్లో ఈ వాదానికి పనికొచ్చేది ముఖ్యంగా ఒక్క చోటే: 2 మక్కబీయులు 12వ అధ్యాయం చివర. యుద్ధంలో పడిపోయిన సైనికుల అంగీల కింద యమ్నియా అనే ఊరి విగ్రహాల తాయెత్తులు దొరికాయి. వాళ్ల నాయకుడు యూదా మక్కబీ మనిషి మనిషి దగ్గరా చందా పోగుచేసి, 2,000 వెండి ద్రాక్మాలు పాపపరిహార బలికని యెరూషలేముకు పంపాడు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం మంచిదని గ్రంథకర్త అక్కడే అంటాడు. నిజం చెప్పాలంటే విగ్రహారాధన ఘోర పాపం, ఘోర పాపంలో చనిపోయినవాళ్లకు ఉత్తరించు స్థలం వర్తించదు గనుక, ఈ ఉదాహరణ కథోలిక బోధకు కూడా అచ్చంగా అతికేది కాదు. కావాలని కల్పించేవాడైతే ఇంతకంటే నున్నగా కల్పించేవాడు. ఆ బోధ కోసమే అయితే యూదితు, తోబీతు ఎందుకు?

‘యూదులకు తెలియవు.’ మృత సముద్రం దగ్గర, పాత యూదు ప్రతులు బయటపడ్డ కుమ్రాను గుహల్లో తోబీతు ప్రతులు ఐదు దొరికాయి, నాలుగు అరామిక్‌లో, ఒకటి హీబ్రూలో. సీరా గ్రంథం హీబ్రూ ముక్కలు అక్కడికి దగ్గర్లోని పాత యూదు కోట మసాదాలో బయటపడ్డాయి. అదే కుమ్రానులో ఎస్తేరు ఒక్క ముక్క కూడా దొరకలేదు. అంతమాత్రాన ఎస్తేరును తీసేద్దామని ఎవరూ అనరు గదా.

‘కొత్త నిబంధన ఎత్తలేదు.’ ఈ కొలబద్దే పెడితే ఎస్తేరు, ప్రసంగి, పరమగీతం కూడా పోతాయి. ఎత్తిందల్లా లేఖనమే అనుకుంటే, యూదా పత్రిక 14వ వచనం ఎత్తిన హనోకు పుస్తకాన్ని చేర్చుకోవాలి. ఎత్తి చెప్పకపోయినా జాడలు ఉన్నాయి. హెబ్రీ పత్రిక 11:35లో, మెరుగైన పునరుత్థానం కోసం విడుదల వద్దని చిత్రహింసలు భరించినవాళ్ల కథ 2 మక్కబీయులు 7లో తల్లి, ఏడుగురు కొడుకులది. యోహాను 10:22లోని ఆలయ ప్రతిష్ఠిత పండుగ ఎలా మొదలైందో 1 మక్కబీయులు 4లో ఉంది.

‘జెరోమే కాదన్నాడు.’ సగం నిజం. హీబ్రూలో లేనివాటిని ఆయన వేరే వరుసలో పెట్టాడు, మధ్యయుగాల్లో ఆయన మాట పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా బిషప్పులు అడిగితే తోబీతును అనువదించాడు. అరామిక్, హీబ్రూ రెండూ వచ్చిన ఒకాయన హీబ్రూలో చెబుతుంటే తాను లాటిన్‌లో చెప్పి రాయించానని, దానికి ఒక్క రోజు శ్రమ పట్టిందని ముందుమాటలో తనే రాశాడు. ఒక పండితుడి అభిప్రాయం వేరు, సంఘం చదువుకున్న జాబితా వేరు.

‘చరిత్ర తప్పులు.’ యూదితు మొదటి వచనమే నెబుకద్నెజరును నీనెవెలో అష్షూరు రాజంటుంది. అతను బబులోను రాజని యూదు పిల్లలకు కూడా తెలుసు. ఇది పొరపాటు కాదు, కావాలని పెట్టిన కథాసంకేతమని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. చరిత్ర తగాదాలు అందరూ ఒప్పుకునే దానియేలు గ్రంథంలోనూ, మాదీయుడైన దర్యావేషు అనే రాజు దగ్గర ఉన్నాయి.

ఇక 66 ఎక్కడిది? లూథరన్ సంఘానికి కేంద్రమైన గుంటూరులో ఈ మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లూథరు 1534 జర్మన్ బైబిల్లో ఈ పుస్తకాలను తీసేయలేదు. లేఖనంతో సమానం కావుగానీ చదవడానికి మంచివి, ఉపయోగకరమైనవి అనే శీర్షిక కింద రెండు నిబంధనల మధ్య ఉంచాడు. 1611 కింగ్ జేమ్స్ బైబిల్లోనూ ఇవి ఉన్నాయి. ఇవి ఉన్న బైబిళ్ల అచ్చుకు డబ్బివ్వబోమని లండన్‌లోని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ నిర్ణయించింది 1826లో. 66 పుస్తకాల బైబిలు ఎక్కువగా మామూలైపోయింది ఆ తర్వాతే.