ఎర్ర టిక్కు లేదు, మూడో టిక్కూ లేదు

“రేపటి నుంచి కొత్త కమ్యూనికేషన్ నిబంధనలు. అన్ని కాల్సూ రికార్డవుతాయి. వాట్సాప్, ఫేస్‌బుక్ నిఘాలో ఉంటాయి. మూడు నీలం టిక్కులు పడితే ప్రభుత్వం చూసినట్టు. రెండు నీలం, ఒకటి ఎరుపైతే చర్య. మూడూ ఎరుపైతే కోర్టు సమన్లు. రాజకీయం, మతం మీద ఏం పంపినా వారెంటు లేకుండా అరెస్టు. అందరికీ పంపండి.”

ఏళ్లుగా దేశమంతా తిరుగుతున్న మెసేజ్ ఇది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ తెలుగువాళ్లకు ఇలాంటివి శ్రీకాకుళం చుట్టాల నుంచి తెలుగులోనూ, ఊళ్లోవాళ్ల నుంచి ఒడియాలోనూ వస్తాయి. రెండు వైపుల నుంచీ వచ్చింది కదా, నిజమే అయ్యుంటుందనిపిస్తుంది. కానీ రెండూ ఒకే అబద్ధానికి అనువాదాలు. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ కూడా ఇది అబద్ధమనే చెప్పింది.

“రేపటి నుంచి” అంటే ఏ రోజు? తేదీ లేదు, ఉత్తర్వు నంబరు లేదు, శాఖ పేరు లేదు. తేదీ లేదు గనుకనే ఇది ఎన్నేళ్లయినా పాతబడడం లేదు.

“మూడు టిక్కులు”: వాట్సాప్‌లో ఒక బూడిద టిక్కు పడితే మెసేజ్ వెళ్లినట్టు, రెండు పడితే అవతలి ఫోనుకు చేరినట్టు, రెండూ నీలమైతే చదివినట్టు. అంతే. 2016 ఏప్రిల్ నుంచి మెసేజ్‌లు, వాట్సాప్ కాల్స్ పంపిన ఫోనులో తాళం పడి, అందుకున్న ఫోనులోనే తెరుచుకుంటున్నాయి. దారిలో చదివి రంగు మార్చే వీలు లేదు.

“అన్ని కాల్సూ రికార్డు”: మామూలు సిమ్ కాల్స్‌ను చట్టప్రకారం వినే అధికారం ప్రభుత్వానికి ఉన్న మాట నిజం. మామూలుగా దానికి కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ఊరందరి ఫోన్లకూ ఒకేసారి పెట్టేది కాదది.

“ఏం పంపినా అరెస్టు”: ఇందులో కొంత నిజం కలిసి ఉంది, అందుకే జాగ్రత్తగా చదవాలి. ఆన్‌లైన్ రాతలకు అరెస్టులు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. రాజకీయ అభిప్రాయం చెప్పడం నేరం కాదు. కానీ మతాల మధ్య, భాషల మధ్య పగ రేపే రాత మీద భారతీయ న్యాయ సంహిత అనే నేర చట్టం 196వ సెక్షన్ కింద వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. “నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే” అంటే కుదరదు. తెలుగు, ఒడియా ఒకే వీధిలో ఉండే ఊళ్లలో ఇది గుర్తుండాలి.

ఇక “అందరికీ పంపండి”. అయిదు చేతులు దాటిన ఫార్వర్డ్ మీద జంట బాణాల గుర్తు పడుతుంది, దాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. కాపీ చేసి కొత్తగా అతికిస్తే ఆ గుర్తు పోతుంది. “కాపీ చేసి పంపండి” అని ఉంటే అది అనుమానించాల్సిన మెసేజ్.

దీనివల్ల అసలు నష్టం రెండు విధాలు. ఒకటి, భయపడి గ్రూపులు వదిలేయడం. గుణుపురం దగ్గర వంశధార పెరిగిందన్న మాట కాశీనగర్‌కూ, దిగువన హిరమండలానికీ వేగంగా అందేది ఆ గ్రూపుల్లోనే. (అలాంటి మెసేజ్‌లో చోటు, తేదీ, గంట రాయాలి. లేకపోతే పాత వరద వీడియో కొత్తదిగా తిరుగుతుంది.) రెండోది, లేని ఎర్ర టిక్కు కోసం చూస్తూ, నిజంగా ఉన్న కన్నాలను మూయకపోవడం. దారిలో తాళం ఉన్నా, గ్రూపులో ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయొచ్చు. గూగుల్ బ్యాకప్‌కు ఆ తాళం దానంతటది పడదు. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌ను మనమే పెట్టుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే పాత చాట్‌లు తిరిగి రావు, కాగితం మీద రాసి దాచండి. మీ వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో చూపే ‘లింక్డ్ డివైజెస్’ తెరిచి చూడండి. తెలియని కంప్యూటరు కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి. అకౌంట్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్‌కు ఆరంకెల పిన్ పెట్టండి.

ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్‌ను ఎవరికో చెప్పి ఖాతా పోగొట్టుకుంటే, అదే నంబరుతో వాట్సాప్‌లో మళ్లీ రిజిస్టరై కొత్త కోడ్ కొట్టండి, అవతలివాడు బయటికి పోతాడు. వాడు పిన్ పెట్టి ఉంటే మీరు లోపలికి వెళ్లడానికి ఏడు రోజులు ఆగాలి. ఈలోగా మీ పేరుతో డబ్బు అడుగుతున్నారని చుట్టాలకు మామూలు ఫోన్ చేసి చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.