టర్నింగ్ చైన్ గారికి, మీ హోదా విషయమై

అయ్యా,

క్రోషే, అంటే కొక్కెం లాంటి హుక్‌తో దారం అల్లడం, కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లందరి తరఫునా రాస్తున్నాం. వరుస తిప్పినప్పుడు కొత్త వరుస ఎత్తు అందుకోవడానికి వేసే గొలుసులే కదా తమరు. అడగాల్సింది ఒక్కటే. ఇంతకీ మీరు కుట్టా, కాదా?

పొట్టి కుట్టయిన సింగిల్ క్రోషేలో వరుస తిప్పగానే ఒక్క గొలుసుగా వస్తారు. అక్కడ మామూలుగా మీరు లెక్కలోకి రారు. మీ పాదాల దగ్గరున్న మొదటి కుట్టులోనే అల్లిక మొదలుపెట్టాలి. ఎంత వినయం! అదే పొడుగు కుట్టయిన డబుల్ క్రోషేకి వచ్చేసరికి మూడు గొలుసుల ఎత్తున లేచి, ఈ వరుసలో మొదటి కుట్టు నేనే అంటారు. అప్పుడు మీ కిందున్న కుట్టును వదిలేసి పక్కదాంట్లో హుక్ గుచ్చాలి. ఇదే పద్ధతిని గోడమీద పిల్లి వాటం అంటారు.

మీ హోదా మర్చిపోయి ఆ మొదటి కుట్టులోనూ హుక్ గుచ్చామా, వరుసకొకటి చొప్పున పెరుగుతుంది. అది గుర్తుంచుకుని, వరుస చివర కింది వరుస తాలూకు మీ నెత్తి మీద కుట్టు వెయ్యడం మరిచామా, వరుసకొకటి తగ్గుతుంది. మఫ్లర్ అనుకున్నది ముక్కోణపు జెండా అవుతుంది. అసలు తమాషా ఏమిటంటే, ఈ రెండు తప్పులూ ఒకే వరుసలో చేస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది! ఇరవై ఉండాల్సిన చోట ఇరవై ఉంటాయి. అంచు మాత్రం ఓ వరుసలో బయటికి, ఓ వరుసలో లోపలికి పోతుంది. లెక్కలు సరిపోయి వస్తువు పాడవడమంటే ఇదే. ఇంత మంచి ఆడిటర్‌ని మేమెక్కడా చూడలేదు.

పైగా మీ తల కనిపించి చావదు. మామూలు కుట్టుకు నెత్తిన వి ఆకారం ఉంటుంది కాబట్టి వాటిని లెక్కపెడితే సరిపోతుంది. మీరేమో అల్లిక తిప్పగానే కాస్త మెలి తిరిగి, పక్క కుట్టు చాటున నక్కుతారు. అందుకే మూడో గొలుసు వేసీ వెయ్యగానే దానికి స్టిచ్ మార్కర్, అంటే కుట్టును గుర్తుపట్టడానికి పెట్టే చిన్న కొక్కెం, తగిలిస్తున్నాం. దాన్ని నగ అనుకోకండి, సంకెల.

అట్లాంటిక్ దాటితే ఇంకో పేచీ. అమెరికా ప్యాటర్న్‌లో, అంటే అల్లిక సూచనల్లో, సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ అంటారు. అమెరికా డబుల్ అక్కడ ట్రెబుల్. డబుల్ అన్న మాట నమ్మి మూడు గొలుసులు వేస్తే, అక్కడ కావాల్సింది ఒక్కటే. ఈ గొడవ మీరు పెట్టింది కాదులెండి, కానీ నష్టపోయేది మీ పక్కనున్న అంచే.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఒకటి ఒప్పుకుంటాం. కింది అంచు ముడుచుకుపోవడం మీ పాపం కాదు. అల్లికకు పునాదిగా వేసే మొదటి గొలుసుల వరుస మరీ బిగించి వేస్తే అలాగే అవుతుంది. దాని వరకు ఒక సైజు పెద్ద హుక్ వాడుకుంటాం. ఇరవై డబుల్ క్రోషేకి ఇరవై రెండు గొలుసులు వేసి, హుక్ మీది ఉచ్చును లెక్కపెట్టకుండా, హుక్ వైపు నుంచి నాలుగో గొలుసులో మొదలుపెట్టడం కూడా వచ్చేసింది. ఆ వదిలేసిన మూడు గొలుసులూ మీరేనని తెలిసినప్పుడే మాకు చిరాకు.

చుట్టూ ఒక బోర్డర్ అల్లితే అంతా కప్పడిపోతుందని కొందరి సలహా. చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు కప్పడతాయి, నిజమే. జెండాకి బోర్డర్ వేస్తే మాత్రం బోర్డరున్న జెండా వస్తుంది.

కాబట్టి తమరు ప్రతి ప్యాటర్న్ మొదట్లోనే ఒక్క వాక్యంలో తేల్చాలి: లెక్కలోకి వస్తారా, రారా? తేల్చకపోతే మీ ఉద్యోగానికి వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. మొదటి కుట్టులో ఒక సింగిల్ క్రోషే వేసి, దాని ఎడమ కాలులో, అంటే ఎడమవైపు నిలువు పోగులో, ఇంకోటి వేస్తే డబుల్ క్రోషేకి దగ్గర దగ్గరగా ఎత్తు వచ్చేస్తుంది. మీ పక్కన పడే సందు కూడా పడదు. అది నిస్సందేహంగా కుట్టే. హాజరు పట్టీలో పేరు, నెత్తిన వి, రెండూ ఉంటాయి.

ఇట్లు,
వరుస వరుసకీ లెక్కపెట్టుకునేవాళ్లు

ప్రతి: వరుసలో చివరి కుట్టు గారికి (కనిపిస్తే అందజేయగలరు)