పటంలో చుక్క లేకపోతే పిట్ట లేనట్టేనా?

ఆదివారం పొద్దున్నే హెబ్బాళ చెరువు దగ్గర బైనాక్యులర్లతో తిరిగే బెంగళూరు జనంలో మన తెలుగువాళ్లూ ఉంటారు. కనబడిన పిట్టల్ని అక్కడికక్కడే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించేస్తారు. అవి చివరికి జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ డేటాబేస్‌కు చేరతాయి. మ్యూజియం నమూనాల నుంచి ఫోన్ ఫొటోల దాకా అందులో 200 కోట్లకు పైగా రికార్డులున్నాయి. ఏ జీవి ఎక్కడుందో తేల్చాలంటే ఇప్పుడు పరిశోధకులు ముందు తెరిచేది దాన్నే.

ఆ రికార్డుల్ని పటం మీద పెడితే బెంగళూరు చుక్కలతో కిక్కిరిసిపోతుంది. హిందూపురం దాటి అనంతపురం, కడప వైపు వచ్చేసరికి పలచబడుతుంది. చూసి రాసేవాళ్లు అక్కడ తక్కువ మరి. దీన్ని సరిదిద్దకుండా కంప్యూటర్ మోడల్‌కు ఇస్తే, పిట్టలకు నగరమే ఇష్టమని అది తేల్చేస్తుంది. అందుకే పటాన్ని గళ్లుగా విడగొట్టి, రద్దీ గడి నుంచి, ఒక్కో పూట చూసిన పిట్టల జాబితాల్లో కొన్నే తీసుకుంటారు. రద్దీని అలా తగ్గించవచ్చు గానీ, ఖాళీ గడిని ఏ లెక్కా నింపలేదు.

ఖాళీ గడి అంటే అక్కడ పిట్ట లేదని కాదు. కలివికోడి అనే అరుదైన పిట్ట 1900 తర్వాత కనబడలేదని, అంతరించిందని నిపుణులు అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో దాన్ని పట్టి చూపించింది స్థానిక వేటగాడు!

యాప్ అడిగేవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది చివరి ప్రశ్న: గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశారా? అవునంటేనే, జాబితాలో లేని పిట్ట ఆ పూట కనబడలేదని లెక్క. ఎంతసేపు, ఎంత దూరం నడిచారన్నదీ ఉంటుంది కాబట్టి, వంద జాబితాల్లో పాలపిట్ట ఎన్నింట్లో ఉందో ఏటేటా పోల్చవచ్చు. 2023 నాటి దేశ పక్షుల స్థితి నివేదిక ఇలాగే 30,000 మందికి పైగా రాసిన 3 కోట్ల రికార్డులతో 942 జాతుల్ని పరిశీలించింది. దసరాకు మనం వెతుక్కునే పాలపిట్ట తగ్గిపోతోందని చెప్పిందీ అదే. అరుదైన పిట్టను మాత్రమే రాసి కాకిని, గోరింకను వదిలేస్తే ఇలాంటి లెక్క కుదరదు.

తమిళనాడులో ఏటా పొంగల్ రోజుల్లో పక్షుల్ని లెక్కిస్తారు. అదే సంక్రాంతికి బెంగళూరు నుంచి బస్సులు, రైళ్లు నిండి మనవాళ్లు ఊళ్లకు వస్తారు. ఊరి చెరువు గట్టున పావుగంట కూర్చుని, కాకితో సహా కనబడినవన్నీ రాస్తే చాలు. ఫిబ్రవరిలో జరిగే క్యాంపస్ పక్షుల లెక్కింపులో రాయలసీమ డిగ్రీ కాలేజీలూ చేరాలి.