సవరణ: రాస్ప్‌హౌస్ నీళ్ల గది గురించి

ఆమ్‌స్టర్‌డామ్‌లో దేశదిమ్మరులనూ చిన్నచిన్న నేరస్థులనూ ఉంచిన రాస్ప్‌హౌస్ గురించి మొన్న రాస్తూ, పని చేయనివాళ్లను నీళ్లు నిండే గదిలో పడేసి, మునిగిపోకుండా పంపు కొట్టుకోమనేవారని ఖాయంగా చెప్పేశాను. అది తప్పు. ఆనాటి యాత్రికులు కొందరు రాసిన మాటే తప్ప దానికి గట్టి ఆధారం లేదు, చరిత్రకారులు చాలామంది నమ్మరు. క్షమించండి.

నిజంగా జరిగిందే చాలా కఠినం. 1596లో పాత క్రైస్తవ సన్యాసినుల మఠంలో మొదలైన ఆ ఇంట్లో, బ్రెజిల్ నుంచి వచ్చిన గట్టి దుంగలను ఇద్దరేసి మగవాళ్లు పళ్లున్న బరువైన రంపంతో పొడి చేసేవారు. ఆ ఎర్రటి పొడి బట్టల అద్దకానికి వెళ్లేది. ఆడవాళ్లకు వేరే ఇల్లు, అక్కడ నూలు వడకడం. రాస్ప్‌హౌస్ ద్వారం ఇప్పటికీ ఉంది. గొలుసులతో కట్టిన ఖైదీల బొమ్మలు దాని మీదే చూడొచ్చు.