అది నూనె జాడీ, అత్తయ్యా!

ఊరి నుంచి ఎవరొచ్చినా దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో నేను ముందు తీసుకెళ్లేది యోంగ్సాన్‌లోని జాతీయ మ్యూజియానికి. మొన్న అత్తయ్యగారిని తీసుకెళ్లాను. కొరియాను ఒకప్పుడు ఏలిన గొర్యో వంశంలో 1146లో పోయిన రాజు ఇంజోంగ్ సమాధిలో దొరికిన సెలడాన్ (ఆకుపచ్చ మెరుగు పూసి కాల్చిన పింగాణీ) సీసా చూపించాను. జానెడు ఎత్తు. దోసకాయలా నిలువు నొక్కులు, విచ్చుకున్న పువ్వులాంటి మూతి. మీద ఒక్క బొమ్మ కూడా లేదు, ఉన్నదల్లా ఆ నీలం కలిసిన లేత ఆకుపచ్చే. "శవంతో పాటు పెట్టిందా? పద పద, ఇంటికెళ్లి తలస్నానం చేయాలి" అన్నారావిడ.

ఆవిడననడం ఎందుకు, గొర్యో సెలడాన్ అనగానే సమాధి సామాను అనేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకా మాట నచ్చదు. ఆ రాజు సమాధిలోనే వెండి చెంచా కూడా దొరికింది. ఇంట్లో వాడుకునేవాటిలో మంచివి ఏరి ఆయన వెంట పంపారనే నేననుకుంటాను. 1123లో చైనా నుంచి దూతగా వచ్చిన షూ జింగ్ ఈ రంగును మెచ్చుకుంటూ రాశాడు. ఆయన వాటిని చూసింది బతికున్నవాళ్ల మధ్యే కదా!

అసలు సాక్ష్యం సముద్రంలో దొరికింది. పడమటి తీరాన తేయాన్ దగ్గర మాడో దీవి పక్కన గొర్యో కాలంలో మునిగిన ఓడలోంచి 2010లో రెండు సెలడాన్ మేబ్యోంగ్‌లు తీశారు. భుజాలు వెడల్పుగా, అడుగు సన్నగా ఉండే జాడీలవి. పేరుకు అర్థం 'ప్లమ్ పూల సీసా' కాబట్టి పూలకూజాలనుకుంటాం. వాటితో పాటు వెదురు చీటీలూ దొరికాయి: ఒకదాంట్లో తేనె, ఇంకోదాంట్లో నువ్వుల నూనె, ఓ సైనికాధికారి ఇంటికి. అంటే ఇవాళ్టి కొరియర్ పార్సిలే!

మరి సమాధుల పేరెందుకు అంటుకుంది? ఇళ్లలోవి పగిలిపోయాయి, మట్టి కిందవి మిగిలాయి. 1900 తర్వాత, ఒకప్పటి గొర్యో రాజధాని కేసోంగ్ చుట్టూ దొంగలు సమాధులు తవ్వి, దొరికినవి జపాన్ వాళ్లకీ అమెరికా వాళ్లకీ అమ్ముకున్నారు. పాత కలెక్షన్లలో చాలా కుండల పక్కన ఏ సమాధిదో, ఎవరిదో రాసి ఉండదు. మైల అంటూ ఉంటే ఆ దొంగతనానిది, కుండది కాదు.

ఇంటికొచ్చాక ఫోన్‌లో ఆ నూనె జాడీ ఫోటో చూపించాను. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"మూతి ఇంత ఇరుకుగా ఉంటే లోపల ఎలా కడిగేవాళ్లే?"