కల్లులో ఏం కలిసిందో డాక్టరుకు చెప్పాలి

పాలమూరు, నల్లగొండ వైపు నుంచి అమెరికాకు వచ్చే తల్లిదండ్రులకు బీపీ, షుగరు మాత్రలు ఆరు నెలలకు సరిపడా సర్దించే మనం, వారి సాయంత్రపు కల్లు అలవాటు గురించి మాత్రం ఒక్క మాట అడగం. అడిగితే నాన్నను తక్కువ చేసినట్టవుతుందని మొహమాటం. ఆ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుందని నా అభిప్రాయం.

చెట్టు నుంచి అప్పుడే దించిన ఈతకల్లు, తాటికల్లు సంగతి కాదు నేను చెప్పేది. గీత కార్మికుల వృత్తిని తప్పుపట్టడం అసలే కాదు, కల్తీ వల్ల ముందుగా నష్టపోయేది వారే. చెట్లు తగ్గి, తాగేవారు పెరిగిన చోట దుకాణాల్లో ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్ర, మత్తు మందులు కలిపి అమ్మడం మన జిల్లాల్లో పాత కథే. ఆల్ప్రాజోలం, డైజెపాం మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచి నరాల వేగాన్ని తగ్గిస్తాయి. ఆల్కహాలు చేసేదీ చాలావరకు అదే. రెండూ ఒకేసారి ఒంట్లో పడితే మనిషి తూలడంతో ఆగడు. స్పృహ తప్పి, శ్వాస మందగించి, వాంతి వస్తే దగ్గి బయటికి నెట్టలేక ఊపిరితిత్తుల్లోకి పీల్చుకునే స్థితికి చేరతాడు. క్లోరల్ హైడ్రేట్ ఇంకా మొండిది: ఆల్కహాలుతో కలిస్తే దాని మత్తు పెరుగుతుంది, ఆల్కహాలు విరగడమూ ఆలస్యమవుతుంది.

తాగినప్పటి ప్రమాదం ఇది. మానేసినప్పటి ప్రమాదం చాలామందికి తెలియదు. ఏళ్ల తరబడి కల్లులో కలిపిన ఆ మందుకు అలవాటుపడ్డ మెదడుకు అది హఠాత్తుగా అందకపోతే, విమానం దిగిన ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు, ఎదురుగా లేనివారితో మాట్లాడటం మొదలవుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఇంట్లోవాళ్లు మొదట జెట్‌లాగ్ అనుకుంటారు. ఆసుపత్రిలో అడిగితే "మా నాన్న మందు ముట్టడండీ, కల్లు ఒక్కటే" అంటారు. ఆ కల్లులో నిద్రమాత్రల మందు ఉంటుందని అమెరికా వైద్యుడు ఊహించే అవకాశమే లేదు. నడుంనొప్పికి ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) మాత్ర రాస్తే చిక్కు రెట్టింపవుతుంది. ఓపియాయిడ్లను, ఆల్ప్రాజోలం రకం మందులను కలిపి వాడటంపై అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను తప్పనిసరి చేసింది.

ఇక్కడ అమెరికాలో మన పిల్లల పార్టీల్లో బీరుతో పాటు చేతులు మారే జానాక్స్ కూడా ఆల్ప్రాజోలమే. తాత సీసాలో ఉన్నదే మనవడి జేబులోనూ ఉంది. పైగా ఇక్కడి దొంగ మాత్రల్లో ఫెంటానిల్ అనే అతి బలమైన ఓపియాయిడ్ ఉండవచ్చు. 2023 నుంచి డాక్టరు చీటీ లేకుండా దొరుకుతున్న నలోక్సోన్ స్ప్రే ఫెంటానిల్‌ను విరుస్తుంది తప్ప ఆల్ప్రాజోలంను, ఆల్కహాలును విరవదు. స్ప్రే కొట్టాక కూడా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాల్సిందే.

మన సంఘం తల్లిదండ్రుల కోసం ఇచ్చే ప్రయాణ సూచనల్లో కల్లు అలవాటు ప్రశ్నను చేర్చాలని నా ప్రతిపాదన. రోజూ దుకాణం కల్లు తాగేవారిని టికెట్ కొనకముందే మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో మానసిక వైద్యుడికి చూపించి, ఆయన పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి. ప్రయాణం రేపనగా కల్లు బంద్ చేయించి విమానం ఎక్కించకూడదు.