రయన్ గారి కార్డుకు మడి

అమెరికా బేస్‌బాల్‌లో పిచర్ (బంతి విసిరేవాడు) నోలన్ రయన్‌ది ఇనుప భుజం. 1966లో మెట్స్ జట్టుతో మొదలుపెట్టి, 1993లో రేంజర్స్ దగ్గర బంతి కింద పెట్టేదాకా 27 సీజన్లు. 5,714 స్ట్రయికవుట్లు (మూడు స్ట్రయికులతో బ్యాటర్‌ను ఔట్ చేయడం), ఏడు నో-హిట్టర్లు (ప్రత్యర్థికి ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్‌లు). 1974 జూన్‌లో బోస్టన్ మీద ఒక్క మ్యాచ్‌లో 13 ఇన్నింగ్సులు, 235 బంతులు విసిరాడు. ఇంత అరిగినా తరగని మనిషి మీద భక్తిని చాటుకోవాలంటే మార్గం ఒక్కటే: ఆయన బొమ్మతో అచ్చేసిన, జనం సేకరించుకునే కార్డును ఎవ్వరూ ముట్టుకోకుండా చూడడం.

మూలవిరాట్టు టాప్స్ కంపెనీ వారి 1968 కార్డు, 177వ నంబరు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడుగు ఉన్న అట్టముక్క. అందులోనూ సగం మెట్స్‌లోనే మరో పిచర్ జెర్రీ కూజ్‌మన్‌ది. ఆ ఏడాది 19 మ్యాచ్‌లు గెలిచింది కూజ్‌మనే, మొత్తం కెరీర్‌లో 222 గెలిచాడు. అయినా కార్డులో ఆయన అద్దెకున్నవాడి లెక్కే.

అప్పటి పిల్లలు పరమ దుర్మార్గులు. బబుల్‌గమ్‌తో పాటు వచ్చిన కార్డులను రబ్బరుబ్యాండు బిగించి జేబులో కుక్కారు, సైకిలు చువ్వలకు తగిలించి టపటపలాడించారు. అంటే కార్డులతో ఆడుకున్నారు! రబ్బరుబ్యాండు కోసిన గాటు అంచున అలాగే ఉండిపోతుంది, గమ్ మరక వెనకవైపు కనిపిస్తుంది. ఆ పాపాలకు గ్రేడింగ్‌లో (కార్డు స్థితి చూసి పదికి ఇన్ని అని మార్కులేయడంలో) మార్కులు కోసేది మాత్రం ఇప్పటి యజమానికి.

పూజా విధానం. చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కార్డును అంచులతో పట్టుకుని ముందు పలచటి మెత్తని తొడుగులో, ఆ తర్వాతే టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరులో దింపాలి. తొడుగు లేకుండా నేరుగా దింపితే ముఖం మీద గీతలు. తొడుగు నోటి దగ్గర తొందరపడితే మూల నలుగుతుంది. పాత మెత్తని పీవీసీ ఆల్బమ్ పేజీలు అసలే వద్దు, వాటిలోంచి నూనెలా ఊరేది కార్డుకు అంటుకుంటుంది. గ్రేడింగ్‌కు పంపేటప్పుడు టాప్‌లోడర్ బదులు కార్డ్‌సేవర్ అనే కాస్త వంగే కవరు వాడాలి, బయటికి తీయడం తేలిక.

ఇంత చేసినా ముందువైపు బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటే పదికి పది రావు. 1968లో ఫ్యాక్టరీ కత్తి పక్కకు పోయిందన్న సంజాయిషీ చెల్లదు.

1971 కార్డు, 513వ నంబరు, ఇంకో పరీక్ష. అంచులు నల్లవి, గోరు తగిలితే చాలు లోపలి తెల్ల అట్ట బయటపడుతుంది. అక్కడ నల్ల స్కెచ్‌పెన్ రాసే మేధావులున్నారు. కార్డును పక్కకు తిప్పి పదింతల భూతద్దంలో చూస్తే అట్ట మందంలోకి ఇంకిన సిరా దొరికిపోతుంది. అరిగిన మూలలు పోయేలా అంచు కత్తిరించిన కార్డు కొలతకు తక్కువ తూగుతుంది. రెండింటికీ మార్కుల్లేవు, 'మార్చినది' అన్న ముద్రే. అసలు కార్డైతే పేరు అక్షరాల్లో సిరా నిండుగా పరుచుకుని ఉంటుంది. స్కాన్ చేసి అచ్చేసిన నకిలీలో ఆ అక్షరాలు కూడా చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి.

గండాలన్నీ గట్టెక్కితే కార్డును గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. ఇక దేవుడికైనా అందదు. అయితే ఆ డబ్బా మీద గీతలు పడతాయి. దానికీ వేరే తొడుగు అమ్ముతున్నారు.